కందులమ్మి పప్పు కొను ఇల్లు

వికారాబాదునుండి తాండూరునకు పోవు రైలుమార్గముపై ధారూరు ఒక స్టేషను. అనంతగిరి కొండల యెర్రనేల వెనుకబడి, పడమటికి పోయినకొలది నల్లరేగడి విస్తరించును. వానపై ఆధారపడి ఆ రేగడిలో పండు కందికి పూర్వమునుండియు మంచి పేరు కలదు. పప్పు త్వరగా ఉడుకుననియు, రుచిగా నుండుననియు వర్తకులును గృహిణులును చెప్పుదురు. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

ఇట్టి సీమలో నివసించు కుటుంబమునకు పప్పు కొరత ఉండరాదు. కాని జరుగుచున్నది వేరు. సంక్రాంతి ప్రాంతమున కోత ముగియగనే కంది బస్తాలు మార్కెటు యార్డుకు చేరును. వానకాలము వచ్చునప్పటికి, కంది పండించిన ఇంటివారే కిరాణా దుకాణమున అరకిలో, పావుకిలో చొప్పున పప్పు కొనుచుందురు. పంట వెల్లువగా వచ్చినప్పుడు అమ్ముటయు, సరకు తగ్గినప్పుడు కొనుటయు వీరి వంతగుచున్నది. నడుమ నున్న తేడా ఏటేట ఆ ఇంటినుండి బయటికి పోవుచున్నది.

వంటింటి లెక్కలు పంచాయతీకేల యని కొందరడుగవచ్చును. గ్రామములో ఒక్క ఇల్లు మాత్రమే ఇట్లు నష్టపోయినచో అది ఆ యింటి వ్యవహారము. నూరు ఇండ్లు ఒకే తీరున నష్టపోవుచున్నప్పుడు అది ఊరి వ్యవహారము.

ఖర్చు ఎచ్చట పెరిగినది?

కేంద్ర ప్రభుత్వమువారు 2023–24లో జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారము, మన దేశపు గ్రామీణ కుటుంబము పెట్టు ప్రతి 100 రూపాయల ఖర్చులో 47 రూపాయలు ఆహారమునకు పోవుచున్నవి. అందు బియ్యము, గోధుమ, జొన్న మొదలగు ధాన్యముల కన్నిటికిని కలిపి 5 రూపాయల ప్రాంతము. కూరగాయలకు 6 రూపాయలు. పాలకు, పెరుగునకు ఎనిమిదిన్నర. చాయ, చల్లని పానీయములు, బిస్కట్టులు, పొట్లములలో వచ్చు చిరుతిండ్లు, వండి అమ్ము పదార్థములు, వీటికి మాత్రము 9 రూపాయల 84 పైసలు. అనగా తిండిగింజలపై పెట్టు దానికి దాదాపు రెట్టింపు ఈ తిండ్లపై పోవుచున్నది.

కావున పొదుపు అనగానే బియ్యమును గూర్చి ఆలోచించుట ఇప్పుడు అంతగా ప్రయోజనకరము కాదు. 1983లో కిలో 2 రూపాయల బియ్యము వచ్చినప్పటినుండి బియ్యపు భారమును ప్రభుత్వము చాలవరకు మోయుచునే యున్నది. తెలంగాణములో 2025 ఏప్రిలునుండి రేషను కార్డుదారులకు మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యము ఉచితముగా ఇచ్చు ఏర్పాటు జరిగినది. ఖర్చు మిగిలియున్నది పప్పులో, నూనెలో, కూరలో, పొట్లములలో.

ఇచ్చట ఒక చిక్కు కలదు. ధరలు పెరిగినప్పుడు ఇల్లాలు మొదట తగ్గించునది పప్పును. ముద్దపప్పు పలుచబడి పప్పుచారగును, పప్పుచారు పచ్చిపులుసగును. గుడ్డు వారమునకు ఒకటి తగ్గును. కాని చాయ తగ్గదు, పిల్లవాని చేతిలోని పొట్లము తగ్గదు. అవి అయిదేసి, పదేసి రూపాయలుగా పోవుటచే లెక్కలోనికి రావు. ఇది పొదుపు కాదు. పోషణను కోసి చిల్లరను నిలుపుకొనుట. దాని ఫలితము కంటికి త్వరగా కనబడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడతలో (2019–21) తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి పైగాను, అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 70 మందికిని రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఇందరికి అన్నము దొరకక ఇట్లయినదని చెప్పుటకు వీలు లేదు. అన్నము పక్కన ఉండవలసినది ఉండక అట్లయినది.

ఒక మనిషికి ఎంత కావలెను?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము, రోజుకు 2,000 కేలరీలు తినువారికి ధాన్యములు 250 గ్రాములు, పప్పులు లేదా వాటికి బదులు గుడ్లు మాంసము 85 గ్రాములు, కూరగాయలును ఆకుకూరలును 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పల్లీలు నువ్వులవంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండవలెను. ఎండలో పనిచేయు కూలివానికి ధాన్యము ఇంతకంటె హెచ్చుగా కావలసియుండును. అయినను నిష్పత్తిని గమనింపవలెను: ధాన్యమునకు మూడవ వంతు పప్పు. మన ఇండ్లలో అంత పప్పు ఎన్ని పళ్ళెములలో పడుచున్నదో సభ్యులు తమ ఇంటినుండియే లెక్క చూచుకొనవచ్చును.

జొన్నరొట్టెయే సర్వస్వమనుట కూడ సరికాదు. జొన్నను పొగడువారు నేడు చాలమంది; 2023వ సంవత్సరమును ఐక్యరాజ్య సమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిదప ఇంకను హెచ్చినారు. జొన్న మంచిదే. కాని జొన్న తప్ప వేరేదియు దొరకని పేదలలో, మెడమీదను చేతులమీదను ఎండ తగిలినచోట చర్మము నల్లబడి పగులు పెల్లాగ్రా వ్యాధి ఒకప్పుడు మన తెలంగాణములో కనబడెడిది. డాక్టరు సి. గోపాలన్, డాక్టరు శ్రీకాంతియాలు హైదరాబాదున దీనిని పరిశోధించి 1960లో ప్రకటించిరి. జొన్నలోని లూసిన్ అను పదార్థము హెచ్చుటయే ఇందుకు మూలమని వారు భావించిరి. ఆ వ్యాధి జొన్నతోబాటు పప్పు, పాలు, గుడ్డు తినువారి జోలికి పోలేదు. చౌకగా తినుటయనగా ఒక్కదానినే తినుట కాదని ఆనాటి రోగులు మనకు నేర్పిరి. నేడు ఉచితముగా వచ్చు బియ్యమును తొక్కుతో మాత్రమే తినుట కూడ ఆ కోవలోనిదే.

ధాన్యమును పప్పును కలిపి తినుటలో ఇంకొక లాభము కలదు. మాంసకృత్తులు ఏర్పడుటకు కావలసిన లైసిన్ అనునది ధాన్యములలో తక్కువ, పప్పులలో ఎక్కువ. మెథియోనిన్ అనునది పప్పులలో తక్కువ, ధాన్యములలో ఎక్కువ. రెండును ఒకే పూట పళ్ళెములో చేరినచో ఒకదాని లోటు ఇంకొకటి తీర్చును. జొన్నరొట్టె, పప్పు అను మన పాత జోడీ వెనుక ఈ లెక్క ఉన్నది.

క్వింటాలు కందుల లెక్క

ఒక క్వింటాలు కందులను మరలో వేయించినచో 70 కిలోల ప్రాంతమున పప్పు వచ్చును. మిగిలిన పొట్టు, నూక, పరము పశువుల దాణాకు పోవును. 70 కిలోల పప్పు అనగా నెలకు ఆరు కిలోలకు కొంచెము తక్కువ. అయిదుగురు గల ఇంటిలో చిన్నపిల్లలను, గుడ్డు మాంసము వండు దినములను తీసివేసి చూచినచో, నెలకు 8 లేక 9 కిలోల పప్పుదినుసులు అవసరమగును. ఆరు కిలోలు కంది, తక్కినది పెసర, మినుము, శనగ, అనుములు. కావున ఒక్క క్వింటాలు కందులు అటకమీద నున్న ఇల్లు సంవత్సరములో ముఖ్యమైన పప్పునకు దుకాణమునకు పోనక్కరలేదు.

దీని విలువ ఎంత? 2014–15లో కందికి కనీస మద్దతు ధర క్వింటాలుకు 4,350 రూపాయలు. 2015 జనవరిలో రైతు తన కందిని 5,500 రూపాయల కమ్మినాడనుకొన్నను, ఆ కందినుండి వచ్చు పప్పు వెల కిలో 80 రూపాయలు దాటదు. ఆ సంవత్సరమే దసరా దీపావళుల నాటికి కందిపప్పు అంగళ్ళలో కిలో 200 రూపాయల ప్రాంతమునకు చేరెను. దానిని చూచి మరుసటి సంవత్సరము దేశమంతట రైతులు కంది విరివిగా వేసిరి. 2016–17లో పంట మునుపెన్నడు లేనంతగా వచ్చినది. అప్పుడు మద్దతు ధర 5,050 రూపాయలు. మార్కెటు ధర అంతకు దిగువకు పడిపోయెను. రెండేండ్ల వ్యవధిలో అదే రైతు కుటుంబము కొనునప్పుడు ఒకమారు, అమ్మునప్పుడు ఒకమారు దెబ్బతిన్నది. ఇంటిలో నిలువయున్న క్వింటాలు మాత్రము ఈ రెండు దెబ్బలకును అందనిది.

అన్ని సంవత్సరములు 2015 వంటివి కావు. 2025–26 పంటకు మద్దతు ధర 8,000 రూపాయలు. దానిని 70 కిలోలకు పంచినచో పప్పు కిలోకు 114 రూపాయలు పడును. మర కూలి అదనము. దుకాణములో ధర దిగువన ఉన్న నెలలలో మిగులునది స్వల్పమే. కిలోకు 20 రూపాయల తేడా ఉన్నచో సంవత్సరమునకు 1,400 రూపాయలు. ఈ మొత్తమును చూచి కొందరు పెదవి విరువవచ్చును. కాని అసలు లాభము ఆ రూపాయలలో లేదు. పప్పు ఇంటిలో ఉన్నప్పుడు ఇల్లాలు గుప్పెడు హెచ్చుగానే వేయును. పావుకిలో పొట్లము తెచ్చుకొన్నప్పుడు గుప్పెడు తగ్గించియే వేయును. ధర పెరిగిన నెలలో పిల్లల పళ్ళెమున పప్పు తగ్గకుండ ఉండుటయే ఆ క్వింటాలు ఇచ్చు మేలు.

కొందరు రైతులు నిలువచేయకుండుటకు రెండు కారణములు చెప్పుదురు. మొదటిది అప్పు. విత్తనమునకు, ఎరువునకు తెచ్చిన డబ్బు కోతనాడే తీర్చవలెను. ఇది న్యాయమైన మాట. కాని పంటనంతయు నిలుపవలెనని ఎవరును చెప్పుట లేదు; ఇంటికి చాలునంత నిలిపి తక్కినది అమ్మవలెననియే చెప్పుచున్నాము. రెండవది పురుగు.

పురుగు సంగతి కొంచెము వివరముగా తెలిసికొనవలెను. కందిని పాడుచేయు పుచ్చుపురుగు ఇంటిలో పుట్టదు. చేనిలో కాయ పండుచున్నప్పుడే తల్లిపురుగు దానిపై గ్రుడ్లు పెట్టును. అవి గింజతోబాటు బస్తాలో చేరి నెలరోజులలో విజృంభించును. కావున కోసి నూర్చిన వెంటనే గట్టి ఎండలో రెండు మూడు దినములు పలుచగా ఆరబోయవలెను. గింజ పంటికింద పటుక్కున విరిగినచో ఆరినట్లు. ఈ పురుగు గ్రుడ్లు పెట్టుటకు నిండు గింజనే కోరును గాన, కందిని త్వరగా పప్పుగా మార్చుకొనుట మేలు. పూర్వము మన ఇండ్లలో కందులకు ఎర్రమన్ను నీటితో కలిపి పట్టించి, ఎండబెట్టి, విసుర్రాయిలో వేసి పప్పు చేయుట ఇందుకే. గింజగానే ఉంచవలసినచో వేపాకు, బూడిద కలిపి గుమ్మిలో పోసి పైన పేడతో మెత్తెడివారు. ఇప్పుడు గాలి చొరని మూడు పొరల సంచులు వచ్చినవి. వాటిలో నింపి మూతి బిగించినచో లోపలి గాలి ఖర్చై, పురుగు ఊపిరాడక చచ్చును. ఏ మందును అవసరము లేదు. బస్తాలలో విషపు గోళీలు వేసి ఇంటిలో పెట్టుకొనుట మాత్రము ఎన్నడును చేయరాదు. ఆ ఆవిరి పురుగునే కాదు, ఆ గదిలో పండుకొన్న మనుష్యులను కూడ చంపును.

జహీరాబాదు స్త్రీలు చేసిన పని

చేను లేనివారి సంగతి ఏమి? ఈ ప్రశ్నకు సమాధానము మనకు సమీపమునందే దొరకును. వికారాబాదునుండి పర్లి వైపు చీలిపోవు రైలుమార్గముపై జహీరాబాదున్నది. దాని చెంతనున్న పస్తాపురము కేంద్రముగా దక్కను డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థ 1980లనుండి పేద దళిత స్త్రీలను గ్రామ సంఘములుగా కూర్చినది. ఆ రోజులలో రేషను దుకాణమునుండి బియ్యము వచ్చుచుండుటచే, ఆ చుట్టుపట్ల చిన్న రైతుల మెట్టచేలు జొన్న వేయక బీడుపడియుండెను. 1990ల నడుమ ఈ సంఘముల స్త్రీలు ఒక ఏర్పాటు చేసిరి. బీడు దున్నుటకు, ఎరువునకు, విత్తనమునకు రైతునకు పెట్టుబడి ఇచ్చిరి. రైతు దానిని డబ్బుగా గాక కొన్నేండ్లపాటు జొన్నలుగా తీర్చవలెను. ఆ జొన్నలు ఊరిలోనే నిలువయుండును. వానకాలమున పనులు లేక గింజలు తరిగిన నెలలలో వాటిని పేద కుటుంబములకు చౌకగా ఇత్తురు. ఏ ఇంటికి ఎక్కువ అవసరమో ఊరివారే కూడి నిర్ణయించిరి. వచ్చిన డబ్బు తిరిగి చేలకే పోయెను.

ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము లభించినది. బహుమానముకంటె మనము గమనింపవలసినది ఆ ఏర్పాటులోని పొందిక. గింజ ఊరు దాటి పోలేదు. కనుక రవాణాకు, దళారికి, దూరపు గిడ్డంగికి ఖర్చు లేదు. తీసికొన్నవాడెవడో, బాకీపడినవాడెవడో అందరికి తెలియును. ధారూరు గ్రామములలో జొన్నకు బదులుగా కందితో ఇట్టి పని చేయుటకు అనుకూలము హెచ్చు. ఏలయన, ఇచ్చట చేలు బీడుపడలేదు. కంది పండుచునే యున్నది. కావలసినది కోతకాలమున ఊరిలో కొంత ఆపుట మాత్రమే. గ్రామ సమాఖ్య పేర స్త్రీల పొదుపు సంఘము లున్నవి. అవి సంక్రాంతినాడు మార్కెటు ధరకే రైతునుండి కంది కొని, చిన్న మరలో పప్పు చేయించి, కూలి కుటుంబములకు అసలు వెలకు మర కూలి కలిపి నెలనెల ఇచ్చినచో, రైతునకు నష్టము లేదు, కూలివానికి దుకాణపు తేడా మిగులును.

చేనిగట్టు, పెరడు

కూరగాయల విషయమున సంక్షేపముగా చెప్పినను చాలును. రోజుకు 400 గ్రాములు కొని తినుట కూలి కుటుంబమునకు కష్టము. కాని ఈ ప్రాంతపు చేలలో వాన పడగనే విత్తకయే మొలచు కూరలున్నవి: తుమ్మికూర, దొగ్గలికూర, గునుగుకూర, గంగవాయిలికూర, చెంచలికూర, పొన్నగంటికూర. పెద్ద ముసలమ్మలకు ఇంకను ఎన్నో తెలియును. వారు పోవుటకు ముందు కోడళ్ళకు చూపుట అవసరము. గడ్డిమందు చల్లిన పత్తిచేనిలో, మొక్కజొన్నచేనిలో మాత్రము ఈ కూరలు కోయరాదు.

పులుపునకు టమాటయే కావలెనను అలవాటు ఇటీవలిది. 2023 జులైలో టమాట కిలో 100 రూపాయలు దాటినప్పుడు జనము గగ్గోలుపడిరి. చైత్రమున చింతచిగురు, వేసవిలో మామిడికాయ, ఆపైన దాని ఒరుగు, వానకాలమున పుంటికూర, ఏడాది పొడవున చింతపండు ఉన్న దేశమున అంత దిగులు అక్కరలేదు. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టవలెనన్న నిమ్మరసమో ఉసిరికో తోడుండవలెను. అన్నము తిన్న వెంటనే చాయ త్రాగినచో ఆ ఇనుము వ్యర్థమగును. ఈ మాటలో ఖర్చు లేదు గాన సులభముగా ప్రచారము చేయవచ్చును.

2018 పంచాయతీరాజ్ చట్టము వచ్చిన పిదప గ్రామములలో పంచాయతీ నర్సరీలు ఏర్పడినవి. వాటిలో పూలమొక్కలతోబాటు మునగ, బొప్పాయి, కరివేపాకు, నిమ్మ పెంచి ఇంటికొక్కటి చొప్పున ఇచ్చినచో, స్నానపు నీటితోనే అవి బ్రతుకును.

దుకాణము ముందు

చిన్న పొట్లము చౌక యనుకొనుట భ్రమ. లెక్కకొరకు చూడుడు: 5 రూపాయలకు 10 గ్రాములు వచ్చు కారపుపొడి కిలో 500 రూపాయలు పడినట్లు. అదియే 250 గ్రాములు 90 రూపాయలకు దొరకినచో కిలో 360. రోజుకూలివాడు 90 రూపాయలు ఒక్కసారి పెట్టలేడు గాన 500 రూపాయల ధరనే చెల్లించుచున్నాడు. పేదవాడు హెచ్చుధర చెల్లించుటకు మూలము అతని అజ్ఞానము కాదు, చేతిలో ఒక్కసారి డబ్బు లేకపోవుట. నలుగురైదుగురు కలిసి పెద్ద పొట్లము కొని పంచుకొనుట, లేదా పొదుపు సంఘమువారే మిరపకాయలు, పసుపుకొమ్ములు కొని మర పట్టించి పంచుట దీనికి విరుగుడు.

పిల్లల చిరుతిండిని గూర్చి ఒక లెక్క. పప్పు కిలో 120 రూపాయలున్నప్పుడు 10 రూపాయలకు 80 గ్రాములకు పైగా వచ్చును. అందు 18 గ్రాముల మాంసకృత్తులుండును. బిస్కట్టులలో మాంసకృత్తులు సాధారణముగా నూటికి ఏడు పాళ్ళ ప్రాంతమే. పిల్లవాడు పప్పు నమలుచు బడికి పోడు, నిజమే. కాని పల్లీపట్టి, ఉడికిన అనుములు, శనగ గుగ్గిళ్ళు తినుచు పోవును.

తూకపు విషయము పంచాయతీ సభ్యులు స్వయముగా చూడదగినది. త్రాసుమీద తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉన్నదా, రేషను దుకాణపు కాటా సరిగా నిలుచుచున్నదా, అంగన్‌వాడీకి వచ్చిన గుడ్లు ఎన్ని, పెట్టినవి ఎన్ని, ఇవి ప్రశ్నించుటకు సభ్యునికి అధికారమును కలదు, బాధ్యతయు కలదు. అమ్మకపు మోసములపై ఫిర్యాదునకు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915 కూడ కలదు.

కంది నిలువకు పూనుకొనదలచిన గ్రామము వానకాలముననే గ్రామసభలో దీనిని చర్చకు పెట్టుట మంచిది. కంది పూతకు వచ్చునప్పటికి ఎన్ని ఇండ్లకు ఎన్ని కిలోలు కావలెనో పట్టిక సిద్ధము కావలెను. కొనుటకు డబ్బు ఏ సంఘపు ఖాతానుండి వచ్చునో, సంచులు ఎన్ని కావలెనో, తేమ తగలని గది పాఠశాల పక్కనున్నదా, పంచాయతీ కార్యాలయముననా, అది ఎలుకలు చొరనిదేనా అను విషయములు డిసెంబరులోగా తేలవలెను. గది తాళపుచెవులు రెండు ఉండుట ఆచారము: ఒకటి సంఘపు కోశాధికారిణి వద్దను, రెండవది రైతులు ఎన్నుకొన్న ఒకరి వద్దను. ఎన్ని బస్తాలు వచ్చినవి, ఎన్ని కిలోలు ఏ ధరకు పోయినవి అను లెక్క గది గోడపైననే సున్నముతో వ్రాసి, నెల మొదటి దినమున మార్చుచుండవలెను.